మోకాలి మాత్రలోదీ, మెదడులోదీ ఒకటేనా?

మా మందుల కొట్టు గుంటూరు కొత్తపేటలో. ఆ వీధి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆసుపత్రి పక్కన ఆసుపత్రి, మధ్యలో కాస్త సందు దొరికితే అందులో ఒక మెడికల్ షాపు. బీఫార్మసీ చదివి, పెళ్లయ్యాక మావయ్యగారి కౌంటర్ వెనక కుదురుకున్నదాన్ని నేను. మా దగ్గర బాగా పోయే సరుకుల్లో మోకాళ్ల మాత్రలు ఒకటి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలిపినవి. ఖరీదెక్కువే, అయినా నెలనెలా వచ్చి పట్టుకెళ్లేవాళ్లున్నారు. వాళ్లలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఈ మధ్య ఫోను చూపిస్తూ అడిగారు.

"అమ్మాయ్, ఈ కాండ్రాయిటిన్ మెదడులో కూడా ఉంటుందట. జ్ఞాపకాలు నిలవాలంటే అదే ఆధారమట. అంటే నేను మోకాలికి వేసుకునేది తలకీ పనిచేస్తున్నట్టేగా?"

"చెయ్యదు మాస్టారూ" అన్నాను. వెనకాల నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు, అంతకు మించి చెప్పే వీల్లేకపోయింది. ఇక్కడ తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఆయన అన్నదాంట్లో మొదటి సగం నిజం. మెదడు అనగానే మనకు నరకణాలు, వాటి కొమ్మలు, వాటిలో పరిగెత్తే కరెంటు గుర్తొస్తాయి. మేం చదివిన పుస్తకంలోనూ అంతే, కణాల బయట ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో దాటేశారు. పెద్దవాళ్ల మెదడులో ఐదో వంతు, అంటే 20 శాతం దాకా, కణాల బయటి చోటే. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో అయితే 40 శాతం దగ్గర ఉంటుంది. ఇంత చోటు చాలాకాలం ఎవరికీ పట్టకపోవడానికి ఒక చిన్న సాంకేతిక కారణం ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టడానికి కణజాలాన్ని రసాయనాల్లో నానబెడతారు కదా, అప్పుడు ఆ చోటు ముడుచుకుపోతుంది. ఫొటోలో కణాలు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. మధ్యలో ఏమీ లేదనే అనుకుంటాం.

ఆ చోట్లో ఉన్నదాన్నే ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటారు. మనిషి ఒంట్లో ప్రతి చోటా ఇది ఉంటుంది, కాని మెదడులో ఉన్నది వేరే రకం. ఆదివారం మేక మెదడు తెచ్చి వేపుడు చేసేవాళ్లకు ఈ తేడా చేతికి తెలుసు. గోరువెచ్చటి నీళ్లలో వేసి, పైనున్న పల్చటి పొరను ఎర్రటి రక్తనాళాలతో సహా గోటితో లాగుతాం. అది సాగుతుంది గాని ఓ పట్టాన తెగదు. కొల్లాజెన్ ఉన్నది అందులోనే. ఆ పొర వచ్చేశాక మిగిలింది వేలు గట్టిగా తగిలితే చెదిరిపోతుంది. చర్మానికీ ఎముకకూ గట్టిదనం ఇచ్చే ఆ కొల్లాజెన్ మెదడు లోపల దాదాపు ఉండదు. పై పొరల్లో, రక్తనాళాల చుట్టూ మాత్రం ఉంటుంది.

మరి లోపలున్నదేమిటి? ఎక్కువ భాగం చక్కెర గొలుసులు. వెన్నెముకలా మధ్యలో నిలిచేది హయలురోనన్. దీన్నే మందుల భాషలో హయలురోనిక్ యాసిడ్ అంటాం. మా కొట్లోనే మూడు రూపాల్లో ఉంది: మోకాలి కీలులోకి ఎక్కించే ఇంజెక్షన్, కళ్లు పొడిబారితే వేసే చుక్కలు, కాలేజీ పిల్లలు పేరు పెట్టి మరీ అడిగే ముఖం సీరం. ఆ పొడవాటి గొలుసుకు అగ్రెకాన్ లాంటి ప్రొటీన్లు వరసగా తగులుకుని ఉంటాయి. వాటి నుంచి కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు బయటికి చాచుకుని ఉంటాయి. లింక్ ప్రొటీన్ అనే చిన్నది ఈ అతుకును బిగిస్తుంది, టెనాసిన్ ఆర్ అనేది వీటన్నిటినీ కలిపి కడుతుంది. అగ్రెకాన్ పేరు కీళ్ల డాక్టర్లకు బాగా తెలుసు, మోకాలి మృదులాస్థిలో బరువు మోసేది అదే. మాస్టారు చదివినది ఇక్కడి దాకా సరిగ్గానే ఉంది.

మెదడులో కొన్ని కణాల దగ్గరికి వచ్చేసరికి ఇదంతా దట్టంగా చేరి, కణం ఒంటినీ మొదటి కొమ్మలనూ చుట్టి, కన్నాలున్న వలలా కనిపిస్తుంది. పెరిన్యూరోనల్ నెట్ అంటారు, ఇకమీదట వల అనే రాస్తాను. ఇటలీలో పావియా ఊళ్లో పనిచేసిన కమిల్లో గోల్జీ 1890ల్లోనే దీన్ని చూసి రాశాడు. స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ మాత్రం కొట్టిపారేశాడు. కణజాలానికి వాడిన రసాయనం గడ్డకట్టి అలా కనిపిస్తోంది తప్ప అక్కడ వలా లేదు ఏమీ లేదన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. నాడీ వ్యవస్థ అంతా ఒకటే అల్లిక అని వాదించిన గోల్జీ ఆ పెద్ద తగువులో ఓడిపోయాడు, ఏ కణానికి ఆ కణం విడిగా ఉంటుందన్న కహాల్ నెగ్గాడు. దాంతో కహాల్ ఏమంటే అదే వేదమైపోయింది, వల సంగతి దశాబ్దాలు మూలన పడింది. తీరా చూస్తే వల ఉంది. ఓడినవాడు ప్రతి విషయంలోనూ తప్పు కానక్కర్లేదని సైన్సు వాళ్లు కూడా మర్చిపోతుంటారు.

ఈ వల ఎక్కువగా చుట్టుకునేది పార్వాల్బుమిన్ కణాలనే వాటికి. అవి పక్క కణాలను అదుపులో పెట్టే కణాలు. సెకనుకు వందకు మించి సంకేతాలు పంపగలవు. వల వాటికి ఒక రకం ఇన్సులేషన్ అని 2018లో అమెరికాలో హెరాల్డ్ సోంటైమర్ బృందం చూపించింది. వల ఉంటే కణం పొర మీద నిలవుండే విద్యుదావేశం తగ్గి, కణం త్వరగా స్పందిస్తుంది. గ్లయోమా అనే మెదడు గడ్డ విడుదల చేసే ఎంజైములు ఈ వలను కోసేస్తాయి, అదుపు చేసే కణాలు మందగిస్తాయి, ఫిట్స్ వస్తాయి. మెదడులో గడ్డ ఉన్నవాళ్లలో చాలామందికి ఫిట్స్ ఎందుకొస్తాయో చెప్పే కారణాల్లో ఇదొకటి.

జ్ఞాపకం సంగతి వేరే దారిన బయటపడింది. పుట్టినప్పుడు ఈ వలలు సరిగా ఉండవు. పెరిగేకొద్దీ అల్లుకుంటాయి. అవి గట్టిపడే సమయమూ, మెదడు కొన్ని విషయాలు తేలిగ్గా నేర్చుకునే గడువు ముగిసే సమయమూ ఇంచుమించు ఒకటే. మా కొట్లో పిల్లల కంటికి అతికించే ప్యాచ్‌లు ఉంటాయి. ఒక కన్ను మందగించిన పిల్లలకు బాగున్న కన్ను మూసి, బద్ధకించిన కంటితో చూడమంటారు. ఐదేళ్లప్పుడు తెచ్చిన బిడ్డకు బాగా పనిచేస్తుంది, పదిహేనేళ్లప్పుడు తెస్తే డాక్టరుగారు పెదవి విరుస్తారు. ఎందుకంటే చూపును నడిపే మెదడు భాగం అప్పటికి మారనని మొండికేస్తుంది. 2002లో ఇటలీలోని పీసాలో టొమాసో పిజ్జొరూసో, లాంబెర్తో మఫీ వాళ్లు పెద్ద ఎలుకల మెదడులో చూపుకు సంబంధించిన భాగంలోకి కాండ్రాయిటినేజ్ అనే ఎంజైమ్ ఎక్కించారు. అది బ్యాక్టీరియా నుంచి తీసినది, కాండ్రాయిటిన్ గొలుసులను ముక్కలు చేస్తుంది. వల చెదిరింది. ఆ తర్వాత ఒక కన్ను మూసి చూస్తే, పిల్ల ఎలుకల్లో మాత్రమే జరగాల్సిన మార్పు ఆ పెద్ద ఎలుకల్లో జరిగింది.

అంటే కాండ్రాయిటిన్ ఉండబట్టి మెదడు బాగుపడలేదు, తీసేస్తే కొత్తగా నేర్చుకుంది! మాస్టారి లెక్క ఇక్కడే తిరగబడింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం దీని తర్వాతి ప్రయోగం. అది చెప్పాలంటే మా అత్తయ్య గురించి చెప్పాలి.

అత్తయ్య పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ పెళ్లయిన కొత్తలో పుట్టింట్లో ఉంది. వేలమంది పోయిన రాత్రి అది. ఆవిడ తమ్ముడు దొరకలేదు. ఇప్పుడు ఆవిడకు అల్జీమర్స్. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి పదకొండింటికి గుర్తుండదు. నా కూతుర్ని "నువ్వెవరి పిల్లవే?" అని అడుగుతుంది. అది మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు "మీ పిల్లనే నానమ్మా" అని పక్కన కూర్చుంటుంది. కాని టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటే చాలు, మంచం దిగి వంటింట్లోకి వస్తుంది. "అమ్మాయ్, బియ్యం డబ్బా కింద పెట్టావేంటి, నీళ్లొస్తే?" అంటుంది. మాది మూడో అంతస్తు. డబ్బా ఎత్తి గట్టు మీద పెట్టేదాకా ఒప్పుకోదు. తర్వాత దుప్పటి అంచు చీర కొంగుకు ముడి వేసి పడుకుంటుంది. ఎవరితో కలిపి కట్టుకుంటోందో నేను అడగను.

2009లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో నదీన్ గొగొల్లా, ఆండ్రియాస్ లూటీ బృందం చేసిన పని ఇది. ఒక శబ్దం వినిపించి, వెంటనే ఎలుక కాళ్లకు చిన్న షాక్ ఇస్తారు. తర్వాత ఆ శబ్దం వింటేనే బిగుసుకుపోతుంది. షాక్ లేకుండా శబ్దాన్ని పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది. పెద్ద ఎలుకల్లో అది తగ్గినట్టే తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. భయం చెరిగిపోలేదు, దాని మీద ఇంకో పాఠం కప్పారంతే. మూడు వారాలలోపు ఎలుక పిల్లల్లో మాత్రం నిజంగానే చెరిగిపోతుంది. ఆ వయసు దాటాకే భయానికి నిలయమైన అమిగ్దలాలో వలలు అల్లుకుంటాయి. పెద్ద ఎలుకల అమిగ్దలాలో కాండ్రాయిటినేజ్‌తో వలలు తీసేసి అదే పాఠం నేర్పితే, పిల్లల్లోలాగే భయం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

ఇక్కడొక మెలిక ఉంది, వార్తల్లో దీన్ని వదిలేస్తుంటారు. ఎంజైమ్‌ను భయం నేర్చుకోక ముందు ఇస్తేనే ఈ ఫలితం. నేర్చుకున్నాక ఇస్తే లాభం లేదు. పాత భయాన్ని కరిగించే మందు కాదది.

అత్తయ్య తలలో ఏ వల ఎలా ఉందో ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. అందుకని ఆవిడ ఉప్పెన జ్ఞాపకం వల వల్లే నిలిచిందని నేను అనను. అయితే 2013లో రాజర్ చెన్ రాసిన వ్యాసం చదివినప్పుడు ఆ బియ్యం డబ్బానే గుర్తొచ్చింది. ఆయన రసాయన శాస్త్రవేత్త, కణాల్లో మెరిసే ప్రొటీన్ల మీద పనికి 2008లో నోబెల్ అందుకున్నవాడు. ఆయన ప్రశ్న తేలికైనది. నరకణాలు కలిసే చోట ఉండే ప్రొటీన్లు చాలావరకు రోజుల్లోనో వారాల్లోనో అరిగి మారిపోతాయి, అలాంటప్పుడు యాభై ఏళ్ల నాటి జ్ఞాపకం దేని మీద నిలుస్తోంది? వల మీద అని ఆయన ఊహ. వలలో కన్నాలున్నాయి కదా, నరకణాల కలయికలు ఆ కన్నాల్లోనే కూర్చుంటాయి. గోడకు కొట్టిన మేకు తుప్పుపట్టి ఊడినా కన్నం ఉంటుంది, కొత్త మేకు అందులోనే దిగుతుంది. అలా కన్నాల అమరికే దీర్ఘకాలం నిలిచే జ్ఞాపకం కావచ్చన్నాడు. ఆయన 2016లో పోయారు. ఊహ ఇంకా ఊహగానే ఉంది. నాకు మాత్రం ఇందులో నచ్చేది ఏమిటంటే, జ్ఞాపకాన్ని కణంలో కాక కణం బయట వెతకమన్నాడు.

వలలో కన్నం పడాలంటే కోసేవి ఉండాలి. మెదడులో ఆ పని చేసే ఎంజైముల్లో ఎంఎంపీ 9 అనేది ఒకటి. దాన్ని ఆపే మందు మా అరలో ఎప్పుడూ ఉంటుంది: డాక్సీసైక్లిన్. వానాకాలం జ్వరాలకు, స్క్రబ్ టైఫస్‌కు, మొటిమలకు రాసేదే. 2017లో జ్యూరిచ్‌లో డొమినిక్ బాక్ బృందం ఆరోగ్యంగా ఉన్న 76 మందిని తీసుకుంది. సగం మందికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. తెర మీద రంగులు చూపిస్తూ ఒక రంగు వచ్చినప్పుడు షాక్ ఇచ్చారు. వారం తర్వాత పిలిచి, రంగు చూపిస్తూ హఠాత్తుగా పెద్ద శబ్దం చేసి, రెప్ప ఎంత గట్టిగా కొట్టుకుందో కొలిచారు. డాక్సీ వేసుకున్నవాళ్లలో భయం దాదాపు 60 శాతం తక్కువ. ఇదీ భయానికి ముందు వేసుకున్న మాత్రే, గుర్తుపెట్టుకోండి. ఇది చదివి ఎవరైనా చీటీ లేకుండా డాక్సీ అడగడానికి వస్తే నేను ఇవ్వను. గర్భిణులకు, చిన్నపిల్లలకు మామూలుగా ఇవ్వరు. పెద్దవాళ్లు కూడా గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు.

ఇక అల్జీమర్స్. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో కిమ్ గ్రీన్ బృందం 2020లో చూపించిందేమిటంటే, మెదడులో చెత్త ఎత్తే మైక్రోగ్లియా కణాలు ఈ జబ్బులో వలలను కూడా తినేస్తాయి. ఎలుకల్లో ఆ కణాలను మందుతో తీసేస్తే వలలు మిగిలాయి. 2025లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో సోంటైమర్ వాళ్లే ఇంకో సంగతి తేల్చారు. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో సీఏ2 అనే చిన్న ముక్క ఉంది, తోటి ప్రాణిని గుర్తుపట్టడం దాని పని. అల్జీమర్స్ లాంటి జబ్బు తెప్పించిన ఎలుకల్లో ఆ ముక్కలో వలలు చెదిరిపోయాయి. అవి వస్తువులను గుర్తుపెట్టుకున్నాయి, తోటి ఎలుకలను మర్చిపోయాయి. వలలను కోసే ఎంజైములను ఆపే మందు ముందుగా ఇస్తే ఆ మరుపు అంతగా రాలేదు. డబ్బా ఎక్కడుండాలో తెలిసి మనవరాలు ఎవరో తెలియకపోవడం మా ఇంట్లో రోజూ చూస్తున్నదే కాబట్టి ఆ వ్యాసం రెండుసార్లు చదివాను.

వలలు పోతే నష్టమైతే, ఆ పెద్ద ఎలుకల్లో వలలు తీసేస్తే లాభమెలా అని అడుగుతారు. అడగాల్సిందే. ఇందులో మెలిక ఉన్నది సల్ఫేట్ ఎక్కడ అతుక్కుందన్న దాంట్లో. కాండ్రాయిటిన్ గొలుసులో చక్కెర మీద 4వ స్థానంలో సల్ఫేట్ ఉంటే మార్పును అడ్డుకుంటుంది, 6వ స్థానంలో ఉంటే ఒప్పుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ 6 రకం తగ్గిపోతుంది. 2021లో కేంబ్రిడ్జ్, లీడ్స్ బృందాలు, జేమ్స్ ఫాసెట్, జెస్సికా క్వాక్ వాళ్లు, 20 నెలల ముసలి ఎలుకల మెదడులోకి వైరస్ ద్వారా ఒక జన్యువును పంపి 6 రకాన్ని పెంచారు. జ్ఞాపకం దాదాపు కుర్ర ఎలుకల స్థాయికి వచ్చింది. అంటే వల ఉందా లేదా అని కాదు, ఎక్కడ, ఏ వయసులో, ఏ రకం అన్నది చూడాలి. ఒక మాత్రతో తేలే వ్యవహారం కాదు.

మాత్ర ఎందుకు పనిచేయదంటే, కాండ్రాయిటిన్ పెద్ద అణువు. పేగుల్లో చాలావరకు ముక్కలవుతుంది, ఒంటికి పట్టేది కొంచెం, దానికి రక్తం నుంచి మెదడులోకి వెళ్లే దారి లేదు. మోకాలికే దాని లెక్క అంతంత మాత్రం. 2006లో అమెరికాలో 1,583 మంది మీద చేసిన పరీక్షలో, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే పెద్దగా మెరుగు కనిపించలేదు. నొప్పి ఓ మోస్తరు నుంచి ఎక్కువ దాకా ఉన్నవాళ్లలో గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ కలిపి ఇస్తే కాస్త ఫలితం ఉండొచ్చన్నారు. నేను అమ్మే సరుకు గురించి నేనే ఇలా రాస్తే మా మరిదికి నచ్చదు. అయినా అడిగినవాళ్లకు ఇదే చెబుతాను, కావాలంటే ఇస్తాను.

ఈ మొత్తంలో మనుషులకు అందుబాటుకు వచ్చేలా కనిపించేది వెన్నుపాము దెబ్బల వైపు. దెబ్బ తగిలిన చోట మచ్చ కడుతుంది, అందులో కాండ్రాయిటిన్ పేరుకుని నరాలను మళ్లీ పెరగనివ్వదు. 2002లో లండన్‌లో ఎలిజబెత్ బ్రాడ్‌బరీ వాళ్లు అక్కడ అదే కాండ్రాయిటినేజ్ ఎంజైమ్ పోస్తే ఎలుకల నడక మెరుగైంది. ఇబ్బంది ఏమిటంటే ఒంటి వేడికి ఆ ఎంజైమ్ త్వరగా పాడవుతుంది, పైగా బ్యాక్టీరియాది కాబట్టి ఒళ్లు ఎదురు తిరగొచ్చు. దాన్ని వేడికి తట్టుకునేలా మార్చారు. 2018లో వెన్ను దెబ్బతిని వెనక కాళ్లు చచ్చుబడ్డ పెంపుడు కుక్కల మీద పరీక్షించారు. ల్యాబులో పెంచినవి కావు, ఇళ్లల్లో ఉన్నవే, మొత్తం 60. ఎంజైమ్ ఎక్కించిన కుక్కల్లో ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ పొందిక సగటున కొంచెం మెరుగైంది. కొద్ది కుక్కలు మాత్రం ఎవరి సాయమూ లేకుండా లేచి నడిచాయి.